వేలంపాటలో పోయిన కంకులు

బందరులో మేం నలుగురం ఒకే గదిలో రీసెర్చి చేసేవాళ్లం. నాది బోటనీ. నా పక్క టేబులు ఆయనది కెమిస్ట్రీ. కిటికీ దగ్గర స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ చేసే అమ్మాయి. తలుపు పక్కన, ఫ్యాను గాలి సరిగా తగలని మూలలో, ఆస్ట్రోఫిజిక్స్ అబ్బాయి. ఈ నాలుగింటికీ ఏమిటి సంబంధం అని కాలేజీకి వచ్చిన ప్రతివాళ్లూ అడిగేవారు. సంబంధమేం లేదు, గదులు లేవు, అంతే. ఏడాదికోసారి రివ్యూ కమిటీ వచ్చినప్పుడు మాత్రం మా గైడు సారు దాన్ని "శాస్త్రాల మధ్య గోడలు పడగొట్టిన గది" అని చూపించేవారు. ఉన్న గోడలకి సున్నం వేయించండి మహాప్రభో అని మేం అడిగి అడిగి ఊరుకున్నాం.

తీరా కూర్చున్నాక మా నలుగురికీ ఒక సంబంధం బయటపడింది. ఉప్పు. ఇంజనీరింగమ్మాయి సిమెంటు దిమ్మలు పోతపోసి ఉప్పునీళ్ల బకెట్లలో నానబెట్టేది. సముద్రం ఒడ్డున కట్టిన తుఫాను షెల్టర్ల స్తంభాల్లో ఇనుము ఎందుకు తొందరగా తుప్పుపడుతుందో ఆ దిమ్మల్ని మిషన్లో నొక్కి పగలగొట్టి చూసేది. కెమిస్ట్రీ ఆయన దివిసీమ మట్టిలో, బోరునీళ్లలో ఉప్పెంతుందో కొలిచేవాడు. ఆస్ట్రోఫిజిక్స్ అబ్బాయి కంప్యూటర్ ముందు కూర్చుని నక్షత్రాల వెలుగులో సన్నటి గీతలు వెతికేవాడు. అందులో ఒకటి సోడియం గీతట. మన ఉప్పుడబ్బాలో ఉండే సోడియమే అంత దూరాన కూడా ఉంటుందని అతను చెప్పినప్పుడు, "అక్కడా ఉప్పేనా, ఇక మనకి విముక్తి లేదన్నమాట" అన్నాడు కెమిస్ట్రీ ఆయన. మధ్యాహ్నం ఎవరి క్యారేజీలో కూర చప్పగా ఉన్నా ఆ దిమ్మల బకెట్లో ముంచుకు తినమని ఆ అమ్మాయిని ఉడికించేవాళ్లం.

నాది వరి. ఉప్పునీళ్లు తగిలినా కంకి వేసి గింజ పోసుకునే వరిమొక్క ఒకటి కావాలి నాకు. దొరికితే డాక్టరేటు వస్తుంది, దొరక్కపోతే రాదు. డాక్టరేటు కోసమే చేశానంటే అబద్ధమవుతుంది. అవనిగడ్డ దాటి సముద్రం వైపు వెళ్తే మా అమ్మ పుట్టిల్లు. చిన్నప్పుడు సెలవుల్లో వెళ్లినప్పుడల్లా మా మావయ్య, అంటే అమ్మ అన్నయ్య, పొలంలో చివరి చెక్క తెల్లగా పొక్కిపోయి కనిపించేది. దాన్ని ఉప్పుచెక్క అనే పిలిచేవారు. వాయుగుండం పట్టి సముద్రం పోటుమీదుంటే మురుగుకాలువలోంచి నీళ్లు వెనక్కి తన్ని ఆ చెక్కలోకి వచ్చేవి. ఊళ్లో సగం మందికి అలాంటి చెక్క ఒకటి ఉంది. వాళ్లకి పనికొచ్చే విత్తనం నా చేతుల్లోంచి రావాలని నాకు బాగా ఆశగా ఉండేది. ఇప్పుడు తల్చుకుంటే ఆ ఆశమీదే నాకు ఒళ్లు మండుతుంది.

మావయ్యని ఆ చెక్క అడిగితే ఎగిరి గంతేసి ఇచ్చాడు. "దాంట్లో తుంగ తప్ప ఏం మొలుస్తదమ్మాయ్. నువ్వేం చేసుకుంటావో చేసుకో" అన్నాడు. అత్తయ్య నాకోసం అరుగుమీద ఒక మంచం వేయించింది. పాతకాలపు వరి రకాలు ఎవరి గాదెల్లో మిగిలాయో ఊళ్లు తిరిగి పోగుచేశాను. వేశాను, కలుపు తీయించాను, మొక్క మొక్కకీ నంబరు కట్టాను. మొదటి రెండేళ్లు పెద్దగా తేలిందేమీ లేదు. అన్నీ ఒకేలా పెరిగాయి, ఒకేలా పండాయి. ఉప్పు సరిగా వస్తేగా వాటి సత్తా తెలిసేది. తుఫాను రావాలని కోరుకునే మనిషి ఆ సీమలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. అందుకే పైకి ఎవరితోనూ అనలేదు.

మూడో ఏడు వచ్చింది. చేను పూతమీద ఉండగా వాయుగుండం పట్టింది. సముద్రం కాలువలోంచి ఎగదన్ని ఉప్పుచెక్కలో నిలబడిపోయింది. నీళ్లు తీశాక నేను వెళ్లేసరికి చేనంతా ఎండిపోయి నిలువునా తెల్లకంకులు. చేత్తో నలిపితే అంతా తాలు. గట్టుమీద నడుస్తూ నా చదువు సంకనాకిపోయింది అనుకుంటుండగా నడిమధ్యలో ఒకచోట పచ్చగా కనిపించింది. దిగి చూశాను. గుప్పెడు దుబ్బులు. పక్కనున్నవన్నీ మాడిపోతే అవి మాత్రం కంకి వంచి నిలబడ్డాయి. గింజ నొక్కితే పాలు కారాయి. బురదలో అలాగే కూర్చుండిపోయాను.

కెమిస్ట్రీ ఆయన వచ్చి ఆ దుబ్బుల మొదట్లో మట్టి తీసి పరీక్ష చేశాడు. చచ్చిపోయిన మొక్కల కింద ఎంత ఉప్పుందో వాటి కిందా అంతే ఉంది. ఉప్పు తగలక బతికినవి కావు, తగిలీ బతికినవి. "నీ మొక్కలు మొండివమ్మా, పెంచిన మనిషిలాగే" అన్నాడు. ఆయన నోట్లోంచి అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఎప్పుడూ రాలేదు.

నేను కట్టిన నంబరు చీటీలన్నీ ఆ నీళ్లలో కొట్టుకుపోయాయి. దుబ్బులు కలిసిపోకుండా గుర్తుండాలని గుడివాడలో మా ఇంటి సందు చివర కొట్లో ఎర్రరిబ్బను కొన్నాను. బడిపిల్లలు జడలకి కట్టుకునేది. ఒక్కో దుబ్బుకీ ఒక్కో ముక్క ముడివేశాను. మావయ్యని గట్టుమీదకి పిలిచి చూపించాను.

"మావయ్యా, ఈ రిబ్బన్లు కట్టినవి చేలో అన్నిటికంటే మంచివి. వీటిలో ఒక్క గింజ కూడా పోకూడదు. నా ప్రాణమంతా వీటిమీదే ఉంది."

ఆయన ఆ రిబ్బన్ల వంక చాలాసేపు చూశాడు. ఆయన కళ్లు చెమర్చడం చూసి నేను కూడా కరిగిపోయాను. "నాకొదిలెయ్యమ్మా. ఒక్క గింజ పోనివ్వను" అన్నాడు. అన్నట్టే మేకలు రాకుండా చుట్టూ ముళ్లకంప వేశాడు, పొద్దునా సాయంత్రం వెళ్లి చూసుకున్నాడు. నేను ఫోటోలు తీసుకుని బందరు వచ్చేశాను. గింజ గట్టిపడేలోగా రివ్యూ ఉంది.

రివ్యూలో ఆ ఫోటోలు చూసి కమిటీ పెద్దమనిషి ఒకాయన కుర్చీలోంచి లేచి గోడమీద తెరదాకా నడిచి వచ్చారు. కోసి, ఎండబెట్టి, విత్తనం లెక్క తేల్చి పంపమన్నారు. ఆ సాయంత్రం నలుగురం బీచి దాకా వెళ్లి మొక్కజొన్న పొత్తులు తిన్నాం. ఇంజనీరింగమ్మాయి అంది, "నేను చేసేవన్నీ పగలగొట్టడానికే. నువ్వొక్కదానివే ఏదో నిలబెట్టావు." ఆ మాటకి నేను పొంగిపోయాను.

కోతకని అనుకున్న రోజున ఆస్ట్రోఫిజిక్స్ అబ్బాయి తన బండిమీద నన్ను తీసుకెళ్లాడు. గుడ్డసంచులు, చీటీలు, కొడవలి, అన్నీ సర్దుకున్నాను. చల్లపల్లిలో ఆగి టీ తాగాం. ఉప్పుచెక్క దగ్గరికి వెళ్లేసరికి ముళ్లకంప పక్కకి తీసి ఉంది. లోపల దుబ్బులు మొదలంటా కోసేసి ఉన్నాయి. నీటుగా, కొడవలితో. మేక మేసినట్టు కాదు. ఎవరో పనిగట్టుకుని, వెతికి, రిబ్బను ఉన్నవే ఏరి కోశారు. మిగతా తాలుచేను అలాగే ఉంది.

పరుగున ఇంటికి వెళ్లాను. అత్తయ్య వసారాలో బియ్యం చెరుగుతోంది.

"నా దుబ్బులు ఎవరో కోసేశారత్తయ్యా."

"ఎవరో ఏంటమ్మాయ్, మేమే కోశాం" అంది ఆవిడ నిమ్మళంగా. "మొన్న ఆదివారం కోత పండగ గదా. గుడికి పట్టుకెళ్లాం. నువ్వు దేవుడికని కట్టావుగా."

మా వాళ్లు గుడి అనేది చర్చిని. కోతలకి ముందు ఒక ఆదివారం ప్రథమ ఫలాలు తెచ్చి పాస్టరు అయ్యగారి ముందు బల్ల దగ్గర పెట్టి, ఆరాధన అయ్యాక వేలంపాట వేస్తారు. ఇదంతా నాకూ తెలుసు. గుడివాడలో మా గుడికీ జనం గుమ్మడికాయలు, అరటిగెలలు, రైతుబజార్లో కొన్న కూరగాయలు తెస్తారు. మా నాన్న బడిపంతులు, ఆయన కేకు తెచ్చేవారు. కానీ పట్నంలో పుట్టిన నాకు ఎవరూ చెప్పని ముక్క ఒకటుంది. ఆ ఊళ్లో గింజ పాలుపోసుకునే వేళకి ప్రతి ఇంటివాళ్లూ చేలోకి వెళ్లి, అన్నిటికంటే మంచి దుబ్బు ఏరి, దానికి ఒక గుడ్డపీలిక కడతారట. కట్టాక అది దేవుడిది. పశువుని రానివ్వరు, చెయ్యి వెయ్యరు. పండగకి ముందురోజు కోసుకెళ్తారు.

నేను కట్టానుగా. ఏరి ఏరి మంచివే కట్టాను. ప్రాణమంతా వీటిమీదే ఉందని కూడా చెప్పాను.

మావయ్య పొలంనుంచి వచ్చాడు. నన్ను చూసి మొహం ఇంత చేసుకున్నాడు. "నీ కంకులకి పలికిన పాట ఇంకెవరికీ పలకలేదమ్మాయ్. అయ్యగారు నీ పేరుపెట్టి ప్రార్థన చేశారు. చదువుకున్నపిల్ల, మొత్తం దేవుడికే కట్టేసింది, ఒక్కటి కూడా ఉంచుకోలేదు అని ఊరంతా ఒకటే మాట."

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. "నేను దేవుడికి కట్టలేదు మావయ్యా. నాకు కట్టుకున్నాను" అని అరిచాను.

చేటలో బియ్యం శబ్దం ఆగిపోయింది. అత్తయ్య కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మావయ్య మొహంలో సంతోషం పోయి భయం వచ్చింది. నామీద కోపం కాదు, నాకేమవుతుందోనన్న భయం. "అలా అనకూడదమ్మా. తప్పు. తప్పైపోయిందని అను" అన్నాడు మెల్లిగా. నేను అనలేదు. తప్పు నాదెలా అవుతుందో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. వాళ్లదా అంటే, అదీ అనలేను. తిట్టడానికి మనిషి దొరకని నష్టమంత పాడునష్టం ఇంకోటి లేదు.

పాడుకున్నది ఎవరని అడిగితే మొవ్వలో ఉండే పెద్దమనిషి అన్నారు. రిటైరై ఊరిమీద అభిమానంతో పండక్కి వచ్చాడట. అక్కణ్ణించి అటే మొవ్వ వెళ్లాం. ఆయన ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. నేను అడిగింది విని వరండా పైకి చూపించాడు. దూలానికి వరికుచ్చు వేలాడుతోంది. చక్కగా జడలా అల్లించాడు. దానిమీద ఒక పిచ్చుక వాలి ఉంది.

"వీటికోసమే పాడానండీ" అన్నాడు ఆయన మురిపెంగా. "ఈమధ్య పిచ్చుకలే కనపట్టంలేదు గదా. వారం తిరక్కుండా ఎలా ఖాళీ చేశాయో చూడండి."

చూశాను. కింద గచ్చు శుభ్రంగా ఊడ్చి ఉంది. ఆ పిచ్చుకని గొంతు నులిమి చంపాలనిపించింది. నేను మొక్కలు, పిట్టలు, పర్యావరణం అని పిల్లలకి పాఠాలు చెప్పే మనిషిని.

కుచ్చు మధ్యలో అక్కడక్కడా గింజలు మిగిలి ఉంటే ఆయన పాపం స్టూలు వేయించి దించి ఇచ్చాడు. కానీ పండగనాడు బల్ల దగ్గర అందరి పనలూ కలిపి కట్టారట. మిగిలినవి నా గింజలో, ఎవరి పొలంవో ఎవరు చెప్పాలి? గదికి తెచ్చి ఉప్పునీళ్లలో మొలకెత్తించాను. ఒక్కటీ బతకలేదు. నావన్నీ పిచ్చుకలు ఏరుకు తిన్నాయి, అక్కరలేనివి నాకొదిలాయి. మంచివి ఏరడం వాటికీ తెలుసు కాబోలు.

మొవ్వనుంచి వచ్చేటప్పుడు ఆస్ట్రోఫిజిక్స్ అబ్బాయి గుంతలు చూసుకుంటూ బండి నెమ్మదిగా నడిపాడు. బందరు వచ్చాక బండి ఆపి అన్నాడు, "నేను చూసే నక్షత్రాన్ని ఎవరూ కోసుకుపోలేరు మేడం. నేను ఈ సబ్జెక్టు తీసుకుంది అందుకే ఏమో." ఓదార్పు అనుకున్నాడు. నీ నక్షత్రాన్ని ఎవరూ వండుకు తినలేరు కూడా అని మొహంమీదే అనేశాను. అతను నవ్వి ఊరుకున్నాడు. మంచివాడు.

గైడు సారుకి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "గుడి, వేలంపాట, పిచ్చుకలు, ఇవన్నీ రిపోర్టులో బాగుండవమ్మా. ఆ వాయుగుండం దెబ్బకే చివరికి గింజ దక్కలేదని రాసెయ్యండి. అందరూ నమ్ముతారు" అన్నారు. ఆయన అన్నట్టే టైపు చేయించి పంపారు. కింద సంతకం నాచేతే పెట్టించారు. ప్రకృతి వైపరీత్యం. పాపం, నాకు మేలు చేసింది ఆ వైపరీత్యమొక్కటే, నింద కూడా దానిమీదే పడింది.

గుడివాడ వెళ్తే అమ్మ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మాట్లాడాక కూడా అన్నది ఒకటే. "పెద్దవాళ్లమీద అరిచావంట. దేవుడికిచ్చింది ఎక్కడికి పోతుందే?" ఎక్కడికి పోయిందో నేను కళ్లారా చూసొచ్చాను, మొవ్వలో దూలానికి వేలాడుతోంది అని చెప్పాలనిపించింది. అన్నం కలుపుకుని తిన్నాను.

ముందు ఏడాది విత్తనం కొంచెం మిగిలి ఉంది కదా అంటారేమో. ఉంది. అన్ని రకాలూ కలిసిన విత్తనం, అందులో ఏ గింజ మొండిదో ఎవరికి తెలుసు? అయినా మళ్లీ వేశాను, అదే చెక్కలో. రిబ్బను జోలికి పోకుండా ఈసారి రేకుముక్కలు దగ్గర పెట్టుకున్నాను. సముద్రం రాలేదు. ఆకాశం అద్దంలా ఉంది, కాలువ బుద్ధిగా పారింది, చేనంతా ఒకటే తీరున విరగపండింది. ఊరంతా పండగ చేసుకుంది. నేను గట్టుమీద కూర్చుని ఏడ్చాను. అక్కడితో నా ఫెలోషిప్పు అయిపోయింది.

ఇప్పుడు గుడివాడనుంచి రోజూ షేర్ ఆటోలో పెదపారుపూడి వెళ్లి ఇంటర్ పిల్లలకి బోటనీ చెబుతున్నాను. పరీక్షలో వచ్చేదే చెప్పండి మేడం అంటారు పిల్లలు. అదే చెబుతాను. కెమిస్ట్రీ ఆయన రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే ల్యాబు పెట్టుకున్నాడు. ఇంజనీరింగమ్మాయి విజయవాడలో అపార్టుమెంట్లకి లెక్కలు కడుతోంది. ఆస్ట్రోఫిజిక్స్ అబ్బాయి ఒక్కడే ఎక్కడో దూరాన ఇంకా నక్షత్రాల వంక చూస్తున్నాడు. కోత పండుగ ఆదివారం నేను గుడికి వెళ్లను. తలనొప్పి అంటాను. అమ్మకి తెలుసు, అయినా మాత్ర తెచ్చి ఇస్తుంది.

మొన్న పంటకాలంలో మళ్లీ వాయుగుండం పట్టింది. ఈసారి ఉప్పుచెక్కలతో ఆగలేదట, సముద్రం ఊరి చేలల్లో సగానికి పైగా ఎక్కిందట. నేను స్టాఫ్ రూములో పేపర్లు దిద్దుతుండగా మావయ్య ఫోను చేశాడు. ఆరోజు తర్వాత ఆయన నాకు ఫోను చెయ్యడం అదే మొదలు. గొంతు బాగా ముసలిదైపోయింది.

"అమ్మాయ్, చేలన్నీ తెల్లబోయినయ్యి. తాలు తప్ప ఏంలేదు. నువ్వప్పుడు ఉప్పుకి ఆగే వరేదో చేశావు గదా. ఆ విత్తనం ఉంటే పంపిస్తావా? వచ్చే ఏటికి వేసుకుంటాం. ఊరంతా నన్నే అడుగుతున్నారు, మీ మేనకోడల్ని అడగండి అని."

"ఆ విత్తనం లేదు మావయ్యా."

"అదేంటమ్మా, అన్నేళ్లు చేశావు. ఏమైపోయింది?"

"కోత పండక్కి మీరు కోసుకెళ్లినవి అవే. రిబ్బన్లు కట్టినవి."

అవతల కాసేపు మాట లేదు. ఇన్నాళ్లకి అర్థమైందనుకున్నాను. అర్థమైతే నాకు హాయిగా ఉంటుందనుకున్నాను గానీ ఆ కాసేపట్లోనే నాకు దిగులేసింది, వద్దు, ఈ వయసులో ఆయనకి అర్థం కాకపోయినా పరవాలేదు అనిపించింది.

"అవి కాదమ్మా" అన్నాడు మావయ్య ఓపిగ్గా, చిన్నపిల్లకి చెబుతున్నట్టు. "అవి దేవుడివి. వాటి సంగతి మనమెందుకు. నేనడిగేది నీవి. నీకని ఉంచుకున్నవి."

"నాకని ఏమీ ఉంచుకోలేదు మావయ్యా."

"పోనీలే అమ్మా, ప్రార్థన చేస్తాం" అని ఆయన ఫోను పెట్టేశాడు.